రాత్రి మ్యాచ్, సాయంత్రం మైదానం



హైదరాబాదులో ఉండే ఫుట్‌బాల్ అభిమాని రోజు యూరప్ గడియారాన్నిబట్టి నడుస్తుంది. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వస్తుంది. అక్కడ వేసవిలో గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఈ తేడా. అక్కడి సాయంత్రం ఐదున్నర మ్యాచ్ ఇక్కడ పదికో పదకొండుకో పడుతుంది. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మంగళ, బుధవారాల్లో మధ్య యూరప్ కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిదికి మొదలవుతాయి. ఇక్కడ అప్పటికి తేదీ మారిపోయి పన్నెండున్నర అవుతుంది, చలికాలమైతే ఒకటిన్నర. తొంభై నిమిషాల ఆటకు పదిహేను నిమిషాల విరామం, అదనపు నిమిషాలు కలిపితే దాదాపు రెండు గంటలు. డిసెంబరులో మ్యాచ్ పూర్తిగా చూసినవాడు పడుకునేసరికి తెల్లవారుజామున మూడున్నర. ఎనిమిదింటికి కాలేజీ.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. చదివింది మనసులో నిలబడడానికీ, ఆడి అలసిన కండరాలు కోలుకోవడానికీ ఆ నిద్రే ఆధారం. అందువల్ల మ్యాచ్‌లను ఎంచుకోవడం అభిమాని నేర్చుకోవలసిన మొదటి విద్య. ఒక్కో జట్టు ప్రీమియర్ లీగ్‌లో సీజనుకు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో శని, ఆదివారాల్లో తొందరగా మొదలయ్యేవి చాలానే ఉంటాయి. అర్ధరాత్రి మ్యాచ్‌లలో ఒకటి రెండు పెద్ద పోటీలను మాత్రమే మేలుకొని చూడాలి. మిగిలినవాటిని మర్నాడు సాయంత్రం చూసుకోవచ్చు. ఫోన్‌లో వచ్చే స్కోరు కబుర్లు ఆపేసి, స్నేహితుల నోళ్లు మూయించి, ఫలితం తెలియకుండా సాయంత్రం దాకా నెట్టుకురావడంలో ఉండే ఉత్కంఠ అర్ధరాత్రి జాగరణకు ఏమీ తీసిపోదు.

చూడడంలోనూ ఒక పద్ధతి ఉంది. తొంభై నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు గంట. దాన్ని 22 మందికి పంచితే ఒక్కొక్కరి వాటాకు మూడు నిమిషాలు కూడా రావు. మిగతా సమయమంతా ఆటగాడు బంతి లేకుండా ఏం చేస్తున్నాడన్నదే అసలు ఆట. ఎవరిని తనవైపు లాగుతున్నాడు, ఎక్కడ ఖాళీ సృష్టిస్తున్నాడు, బంతి పోయిన మరుక్షణం ఏ వైపు పరుగెత్తుతున్నాడు అన్నవి చూడాలి. ఒక్క మ్యాచ్‌లో పది నిమిషాలు బంతిని వదిలేసి ఒకే డిఫెండర్‌నో మిడ్‌ఫీల్డర్‌నో గమనిస్తే, గోల్స్ మాత్రమే కోసి చూపే చిన్న వీడియోలు ఎంత దాచేస్తున్నాయో తెలుస్తుంది.

నియమాలు తెలియనిదే వాదన నిలబడదు. ఫుట్‌బాల్‌కు 17 నియమాలున్నాయి. పదకొండోది ఆఫ్‌సైడ్, ఎక్కువ గొడవలకు అదే మూలం. సహచరుడు బంతిని తన్నిన క్షణంలో ఆటగాడు ప్రత్యర్థుల సగంలో ఉండి, బంతికన్నా, ప్రత్యర్థుల్లో చివరినుంచి రెండోవాడికన్నా గోల్ గీతకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. ఆ కొలతలో చేతులు లెక్కకు రావు. ఆ స్థానంలో ఉండడం తప్పు కాదు, అక్కడినుంచి ఆటలో జోక్యం చేసుకుంటేనే తప్పు. గోల్ కిక్, కార్నర్, త్రో-ఇన్‌లనుంచి బంతి నేరుగా అందుకున్నవారికి ఆఫ్‌సైడ్ వర్తించదు. ఇంతమాత్రం తెలిసినవాడు రిఫరీని తిట్టేముందు ఒకసారి ఆగుతాడు.

ఆడని అభిమానికి ఆట సగమే అర్థమవుతుంది. తెరమీద సులువుగా కనిపించే ముప్పై గజాల పాస్ ఎంత కష్టమో ఒక్క సాయంత్రం తన్ని చూస్తే తెలుస్తుంది. దానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. పన్నెండేళ్లు దాటినవారికి ఐదో నంబరు బంతి, దాని చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. గట్టి మట్టి నేలమీద, గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లమీద పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు పనికిరావు. అవి నేలలో దిగక చీలమండ, మోకాలు మెలిపడతాయి. పొట్టి రబ్బరు స్టడ్స్ ఉన్న టర్ఫ్ షూ చాలు, కాళ్లకు షిన్ గార్డులు మాత్రం తప్పనిసరి. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించడానికి ఫిఫా 11+ అనే ఇరవై నిమిషాల వ్యాయామ క్రమం ఉంది. క్రమం తప్పకుండా చేసేవారిలో గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది.

సాధన ఎలా చేయాలో నేర్పినవాడు హైదరాబాదులోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందరికీ రహీం సాబ్. డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టి ఆటగాళ్లకు రెండు కాళ్లూ సమానం చేశాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీమీద, పెరూమీద గోల్స్ కొట్టాడు. హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ 1977లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేశాడు. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. దగ్గరి కాలంలో, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. లివర్‌పూల్ పదకొండుమంది పేర్లూ గడగడా చెప్పే కుర్రాడికి బలరాం ఎవరో తెలియకపోతే ఆ లోటు తీర్చుకోవలసింది కుర్రాడే. ఊళ్లో జరిగే లీగ్ మ్యాచ్‌ను గట్టుమీద కూర్చుని చూడడం అందుకు తొలి మెట్టు.

అభిమానం పేరుతో జేబు ఖాళీ కాకూడదు. ఏటా మారే జెర్సీని ఏటా కొనాలన్న నియమం లేదు. స్కోరు ఊహించి డబ్బు పెట్టే ఆటలు ఇంకా ప్రమాదం. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించింది. చట్టం మాట పక్కన పెట్టినా, పందెం కాసినవాడు ఆట చూడడు, తన డబ్బునే చూస్తాడు. మెస్సీ గొప్పా రొనాల్డో గొప్పా అన్న తగువు తెల్లవార్లూ సాగినా తేలేది కాదు. సరదాగా ఉన్నంతవరకు మంచిదే. ఎదుటివాడి ఊరిని, కులాన్ని, ఒంటి రంగును అనేదాకా వస్తే అక్కడితో ఆపాలి.

ఆటను బతుకుతెరువు చేసుకోవాలనుకునేవారికి దారులు ఒకటికన్నా ఎక్కువే ఉన్నాయి. 1960లో మొదలైన సుబ్రతో కప్ పాఠశాల జట్లకు జాతీయ వేదిక. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తోంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. అయినా ఆడేవారిలో పైదాకా వెళ్లేది బహు కొద్దిమంది. చదువు చేతిలో ఉన్నవారికి రిఫరీ పరీక్షలు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే కోచింగ్ లైసెన్సులు, ఫిజియోథెరపీ, మ్యాచ్ విశ్లేషణ కూడా ఆటలోకి తలుపులే. రహీం సాబ్ కూడా చదువు చెబుతూనే ఆటలోకి వచ్చాడు.

ఆగస్టులో కొత్త సీజన్ మొదలయ్యేనాటికి హైదరాబాదులో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. శనివారం మ్యాచ్ ఏడున్నరకు. మైదానంలో గంట ఆడి, స్నానం చేసి, అన్నం తిని తెర ముందు కూర్చోవడానికి సమయం సరిపోతుంది.