పథ్యం సరే, మాత్ర మానొద్దు: బైపోలార్ ఉన్నవారికి తిండి జాగ్రత్తలు

బైపోలార్ డిజార్డర్‌కు మందులు వాడేవారి ఇళ్లలో ఈమధ్య తరచుగా వచ్చే ప్రశ్న: “కీటో డైట్‌తో తగ్గుతుందట కదా?” పిండిపదార్థాలు బాగా తగ్గించే ఈ ఆహారాన్ని మూర్ఛకు అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ 1921లోనే సూచించారు. బైపోలార్ విషయంలో మాత్రం ఇంకా తొలి అడుగులే. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నది ఇరవై మందికి కాస్త అటూ ఇటూగా. వాళ్లంతా మందులు వాడుతూనే డైట్ పాటించారు. ఫలితం ఆశ కలిగించేదే గానీ, మాత్ర పక్కన పెట్టడానికి అది చాలదు.

అందులోనూ లిథియం వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉండాలి, 1.5 దాటితే విషంగా మారుతుంది.

చేయవలసినవి

• డైట్ మొదలుపెట్టకముందే సైకియాట్రిస్టుకు చెప్పండి. లిథియం, క్రియాటినిన్, సోడియం పరీక్షలు ముందొకసారి, డైట్ మార్చిన వారానికి మరోసారి చేయించుకోండి.

• చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వండి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి పరీక్ష, ఆ తర్వాతే పొద్దుటి మాత్ర.

• ఉప్పు, నీళ్లు రోజూ ఒకే తీరుగా తీసుకోండి. మే నెలలో వరంగల్ ఎండ 42 డిగ్రీలు దాటిన రోజుల్లో బయట తిరిగితే ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదేరోజు డాక్టరుకు ఫోన్ చేయండి.

• ఒలాంజపిన్, క్వెటియాపిన్, వాల్ప్రోయేట్ వాడేవారు నెలనెలా బరువు చూసుకోండి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోండి. తిండి మార్పు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. అన్నం తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు పెంచండి. సకినాలు, గారెలు పండగలకే ఉంచండి.

• వేళకు తినండి, వేళకు పడుకోండి.

చేయకూడనివి

• “డైట్ బాగా పనిచేస్తోంది, హుషారొచ్చింది” అని మాత్ర ఆపొద్దు. మూడు నాలుగు గంటల నిద్రతోనే అలసట లేకుండా తిరుగుతుంటే, మాటలు, ఖర్చులు పెరుగుతుంటే ఆ హుషారు మేనియా మొదలు కావచ్చు. ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి.

• మంతెన సత్యనారాయణ రాజు ప్రచారం చేసిన ఉప్పు లేని తిండి, వీరమాచనేని రామకృష్ణ కొబ్బరినూనె డైట్ తెలుగునాట ఎందరో పాటించారు. లిథియం వాడేవారు మాత్రం వీటిని సొంతంగా మొదలుపెట్టొద్దు. మొదటిదాంట్లో ఉప్పే ఉండదు. పిండిపదార్థాలు బాగా తగ్గించే రెండోదాంట్లో తొలిరోజుల్లో నీరూ ఉప్పూ మూత్రంలో పోతాయి.

• శివరాత్రికి వేయిస్తంభాల గుడికి వెళ్లి దర్శనం చేసుకోండి; కటిక ఉపవాసం, జాగారం వద్దు. ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా కొందరిలో మేనియా తిరగబెడుతుంది.

• టీ, కాఫీ ఒక్కసారిగా మానొద్దు. లిథియం స్థాయి పెరుగుతుంది.

• డైట్ తొలివారాల్లో తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కొని వేసుకోవద్దు. అవీ లిథియాన్ని పెంచుతాయి.

• షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవారు, గర్భిణులు కీటో జోలికి వెళ్లొద్దు.

• కల్లు, మద్యం వద్దు.

వెంటనే కదలాల్సిన లక్షణాలు

టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేయి వణకడం, నడుస్తుంటే తూలడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు, మగత: వీటిలో ఏది కనిపించినా తర్వాతి లిథియం మాత్ర వేయకుండా 108కి ఫోన్ చేయండి, లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. డాక్టరును అడగకుండా లిథియం ఆపదగ్గ సందర్భం ఇదొక్కటే. మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, నిద్ర, మనసు అదుపు తప్పుతున్నా టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.