ఓర్పు చాలదు

హైదరాబాదు

చి. ల. సౌ. అమ్మాయికి, నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము అందినది. ఆఱు నెలల బిడ్డను ఇంట విడిచి మరల ఉద్యోగమునకు వెళ్లిన మొదటి దినముననే నీ పైయధికారి నిన్ను పిలిచి, "తల్లివైతివి, ఇక నీకు ఓర్పునకు కొదవ యుండదు, కోపముతో వచ్చు కాల్స్ అన్నియు నీకే పంపెదము" అని మెచ్చికోలుగా పలికెననియు, ఆ మాటకు నీవు మురిసితివనియు వ్రాసితివి. ఆ ఉత్తరముననే, టీమ్ లీడరుగాను, మేనేజరుగాను, కడకు కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్ శాఖకంతటికి అధికారిణిగాను ఎదుగుటకు మార్గ మేదియని అడిగితివి. ఆ మురిపెమునకును ఈ ప్రశ్నకును పొత్తు కుదరదు. ముప్పది సంవత్సరములు ఫిర్యాదుల విభాగమున పనిచేసి, ఆ పనిలోనే ఇద్దరు బిడ్డలను పెంచినదానను గనుక, నాకు ఆలస్యముగా తెలిసిన సంగతి నీకైనను వేళకు తెలియవలెనని ఇంత దీర్ఘముగా వ్రాయుచున్నాను.

ఓర్పు గొప్ప గుణమే; కాని అది వృత్తివిద్య కాదు. అమెరికా సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షిల్డ్ 1983లో ప్రకటించిన 'ది మేనేజ్డ్ హార్ట్' అను గ్రంథమున, విమానములలో పరిచర్య చేయు ఉద్యోగినులను పరిశీలించి, లోపలి విసుగును అణచి మోమున చిరునవ్వు నిలుపుట కూడ ఒక శ్రమయే యనియు, జీతమునకై దినదినము చేయు ఆ శ్రమ మనిషిని తన మనసునుండి తననే దూరము చేయగలదనియు వివరించెను. ఈ శ్రమ స్త్రీలకు పుట్టుకతో వచ్చినదని లోకము తలచుచున్నది గనుకనే దానికి వెల కట్టదు. ఊటబావిలో నీరు తోడుకొన్నవాడు బావికి కూలి యిచ్చునా? నీ ఓర్పును మెచ్చినవారు దానిని వాడుకొందురే గాని, దానికై నిన్ను పైమెట్టు ఎక్కింపరు. పైపెచ్చు, తొమ్మిది గంటలసేపు పరుల కోపమును మ్రింగి ఇల్లు చేరిన తల్లికి, పసిబిడ్డ ఏడ్పు వినునప్పటికి ఆ యోర్పు చెంబు అడుగున తడిగా మాత్రమే మిగిలియుండును. దానిని బిడ్డకై దాచుకొనుము.

మఱి ఈ వృత్తికి విద్య యేది? స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సంస్థను నడపిన యాన్ కార్ల్‌జన్ తన గ్రంథమున ఒక లెక్క చెప్పెను. ఒక సంవత్సరములో తమ విమానములెక్కిన కోటిమందిలో ఒక్కొక్కరు సుమారు ఐదుగురు ఉద్యోగులను కలిసికొనిరనియు, ఒక్కొక్క కలయిక సగటున 15 సెకన్లే యుండెననియు, అట్టి 5 కోట్ల క్షణములే సంస్థ నిలుచునో కూలునో నిర్ణయించుననియు ఆతని వాదము. ఈ లెక్కను అనేకులు చెప్పుదురు. దాని ఫలితార్థమును మాత్రము మఱతురు. ఎదుట నిలిచిన ఉద్యోగికి సమస్యను అక్కడికక్కడ తీర్చు అధికారము ఈయవలెననుటయే కార్ల్‌జన్ మాటకు సారము. అధికారము లేని చేతికి చిక్కిన 15 సెకన్లును క్షమాపణలకే చెల్లిపోవును.

అట్లే 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో ప్రతిపాదించిన నెట్ ప్రమోటర్ స్కోరు సంగతి. మా సేవను మీ మిత్రులకు సిఫారసు చేయుదురా యని అడిగి, సున్న మొదలు 10 వరకు అంకె చెప్పుమందురు. 9, 10 ఇచ్చినవారి శాతమునుండి, 6 గాని అంతకు తక్కువ గాని ఇచ్చినవారి శాతమును తీసివేయగా మిగిలినదే ఆ స్కోరు. 7, 8 ఇచ్చిన తటస్థులు అటునిటు కాక నిలుతురు. ఈ తీసివేతను పావుగంటలో నేర్వవచ్చును. అంకె ప్రక్కన ఆ మనిషి వ్రాసిన రెండు ముక్కలను శ్రద్ధగా చదువు అలవాటునకే సంవత్సరములు పట్టును. పదికి పది ఈయుడని కస్టమరును బతిమాలుకొను ఉద్యోగులను నేను చూచితిని. అద్దమునకు రంగు పూసి ముఖము బాగుపడినదనుకొనుట వంటిది ఆ పని. నీవు ఎన్నడును అట్లు చేయకుము.

ఇక నా కథ. రెండవ కాన్పు తరువాత నేను తిరిగి వచ్చినప్పుడు, ఆ యేటి పనితీరు పత్రములో, నేను పనిచేసిన తొమ్మిది నెలలను విడిచి, లేని మూడు నెలలనే చూచి, 'సాధారణము' అని వ్రాసిరి. కోపముతో వచ్చిన ఎందరినో శాంతింపజేసితినని నాకు తెలియును. కాని చూపుటకు చేతిలో ఒక్క కాగితమైనను లేదు. నీరు పోసిన మాట నిజమే, పోసిన చోటు ఇంకిపోయినది. ఆ రాత్రియే మా పెద్దవాని పాత నోటుబుక్కులో మిగిలిన కాగితములు కుట్టుకొని, ప్రతి ఫిర్యాదును ఒక్క పంక్తిలో వ్రాయ నారంభించితిని: ఎవరు, ఏమి, ఎప్పుడు, ఇంతకు మునుపు ఎన్నిమారులు.

మూడు నెలలు గడచునప్పటికి ఆ పంక్తులే నాతో మాటాడ మొదలిడెను. బిల్లు గడువు దాటిన మఱువారమున, గడువులోపలనే కట్టితిమి, ఆలస్య రుసుము ఎందుకు వేసితిరని, ఒక్క తీరు ఫిర్యాదులే వెల్లువగా వచ్చుచుండెను. మేము ప్రతివారికి క్షమాపణ చెప్పి రుసుము తీసివేయుచు, మా సగటు కాల్ సమయము తక్కువయని మెప్పు పొందుచుంటిమి. మఱునెల అదే వెల్లువ. ఎందుకని అడుగుచు పోగా తేలినది ఇది: వారు చెక్కులను గడువునాటి సాయంకాలము పెట్టెలో వేయుచున్నారు, పెట్టె తెఱచునది మఱునాడు, చెక్కు మారునది ఆ తరువాత, బిల్లు మీద గడువు తేదీ యున్నదే గాని చెక్కు ఎన్నినాళ్లు ముందు వేయవలెనో చెప్పు మాట లేదు. బిల్లులో ఒక్క పంక్తి చేర్పుడని నోటుబుక్కుతో సహా పైవారి యెదుట నిలిచితిని. పంక్తి చేరినది, వెల్లువ తగ్గినది. పండ్రెండేండ్ల ఓర్పు నాకు తేలేని ప్రమోషనును ఆ పంక్తి తెచ్చినది. కోపమును చల్లార్చువారు ఆ మెట్టుననే యుందురు, కోపమునకు కారణమును తొలగించువారే పైమెట్టెక్కుదురు అని నేను నేర్చినది అప్పుడే. కాల్స్ అందుకొను స్థానమునుండి క్వాలిటీ విభాగమునకు, ఆ విభాగమునుండి ఫిర్యాదుల విశ్లేషణకు, అటనుండి పనివిధానములను మార్చు అధికారమునకు పోవు దారి ఇదియే.

వ్రాయుటలో ఇంకొక ఫలము కలదు. తల్లికి అది ముఖ్యము. కస్టమరుకు మిక్కిలి విసుగు పుట్టించునది, ఫోను చేతులు మారినప్పుడెల్ల తన కథను మొదటినుండి మరల చెప్పవలసి వచ్చుట. నీవు కేసును మూసివేయునప్పుడో, మఱొకరికి అప్పగించునప్పుడో, జరిగినది, ఇచ్చిన మాట, మిగిలిన పని, ఈ మూడింటిని స్పష్టముగా వ్రాసి యుంచినచో ఆ కస్టమరు తిరిగి చెప్పనక్కఱలేదు, నీవును ఆతనికై రాత్రి తొమ్మిది వరకు కుర్చీకి అతుకుకొనియుండ నక్కఱలేదు. 2023లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన క్లాడియా గోల్డిన్, స్త్రీ పురుషుల ఆదాయముల మధ్య అంతరము నేడు ముఖ్యముగా మొదటి బిడ్డ పుట్టుకతో ఏర్పడుచున్నదని చూపెను. ఎల్లవేళల అందుబాటులో నుండువారికే అధికముగా ముట్టజెప్పు ఉద్యోగములలో తల్లులు వెనుకబడుదురని ఆమె సిద్ధాంతము. అమెరికాలో ఔషధశాలల ఫార్మసిస్టులలో ఆ యంతరము తక్కువ. ఏలయనగా, రోగి వివరములన్నియు నమోదై యుండుటచేత ఒకరి పనిని మఱొకరు తడబాటు లేక అందుకొనగలరు. ఈ దృష్టాంతమును మన పనికి అన్వయించుకొనుము. నీవు లేనిదే పని జరుగదని అనిపించుకొనుట గొప్పగా తోచును. కాని అది తల్లికి సంకెల. నీవు వ్రాసినదానిని చూచి ఎవరైనను పని కొనసాగింపగలరని అనిపించుకొనుటయే నీ నేర్పు, నీ స్వేచ్ఛ కూడను.

సెలవు దయాధర్మము కాదని గుర్తుంచుకొనుము. నా కాలమున, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము ప్రకారము, వేతనముతో కూడిన సెలవు 12 వారములే. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు అది 26 వారములైనది. 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న చోట శిశుగృహము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు అక్కడికి పోయి బిడ్డను చూడవచ్చుననియు నియమించిరి. ఈ ప్రయోజనములను నియామక సమయముననే వ్రాతమూలముగా తెలుపవలెనని కూడ ఆ సవరణలో చేర్చిరి. నీ నియామక పత్రమును తీసి చదువుము. "పసిబిడ్డ తల్లివి, తేలిక పని ఇచ్చెదము" అను మాట మంచి మనసుతోనే వచ్చును. అయినను, కస్టమరు గొంతు వినబడని, నిర్ణయములేవియు జరుగని మూలకు నిన్ను చేర్చు తేలిక పనికి ఒప్పుకొనకుము. తక్కువ గంటలు అడుగుము, తక్కువ పనితనము అడుగకుము.

ఇంటిలో కూడ ఇదే న్యాయము. బిడ్డ పాల వేళలు, టీకా తేదీలు, మందు మోతాదులు నీ తలలో మాత్రమే యున్నంత కాలము, మా అల్లుడు నీకు సాయపడువాడే యగును గాని బాధ్యుడు కానేరడు. అవియు గోడమీద వ్రాసి, కొన్నింటిని పూర్తిగా ఆతనికి అప్పగించుము. అప్పగించిన పిమ్మట వెనుకనుండి తొంగిచూడకుము.

అమ్మాయీ, నీ పైయధికారికి వినయముగనే చెప్పుము: కోపముతో వచ్చు కాల్స్ అందుకొందును, కాని వాటి కారణములను వెదకి నెలకొకమారు నివేదించు పని కూడ నాకే ఈయవలెనని. ఈయకున్నను నీ నోటుబుక్కును మానకుము. రేపు షిఫ్టు ముగియునప్పుడు, చివరి ఫిర్యాదును గూర్చి, నీ తరువాత ఆ కుర్చీలో కూర్చుండువారికి తెలియునట్లు నాలుగు పంక్తులు వ్రాసి, వేళకు ఇంటికి పొమ్ము. బిడ్డ ఎదురుచూచుచుండును.

ఇట్లు,
నీ మేలు కోరు
పెద్దమ్మ