కోతా? కరెంటా?
(గర్భాశయ ముఖద్వార కాన్సర్ - తొలిదశ చికిత్స)

"కోసి తీసేయండి బాబూ, కరెంటు మాత్రం వద్దు" అంటారు కొందరు. కోత అనగానే బెదిరిపోయి, "కరెంటే పెట్టండి" అంటారు మరికొందరు. రేడియోథెరపీకి మన పల్లెల్లో 'కరెంటు పెట్టడం' అని పేరు. నిజానికి అందులో షాకు తగిలేదేమీ లేదు. కంటికి కనబడని కిరణాలు కాన్సర్ కణాలను చంపుతాయి, అంతే.

ఇంతకీ ఈ రెండిటిలో ఏది మేలు?

చిత్రమేమంటే రెండు దారులూ ఒకే సంవత్సరంలో మొదలయ్యాయి. 1898లో వియన్నాలో వెర్ట్‌హైమ్ అనే వైద్యుడు పొట్ట కోసి ఈ కాన్సర్‌కు పెద్ద ఆపరేషన్ చేశాడు. ఆ ఏడాది చివరనే పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నారు.

ఆపరేషన్: కాన్సర్ ముఖద్వారం దాటకుండా, గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. గర్భసంచితోపాటు చుట్టూ ఉన్న కణజాలం, యోని పైభాగం, కటిలోని లింఫు గ్రంథులు తీసివేస్తారు. వయసులో ఉన్న స్త్రీకి అండాశయాలు మిగల్చవచ్చు. తరువాత కొందరికి మూత్రం సరిగా రాకపోవడం, కాళ్ళు వాయడం వంటి బాధలుంటాయి.

రేడియోథెరపీ: బయటినుంచి వారానికి అయిదు రోజులు, సుమారు అయిదు వారాలు కిరణాలిస్తారు. పిమ్మట లోపల గొట్టం అమర్చి, దగ్గరనుంచి మరికొన్ని మోతాదులిస్తారు. మత్తుకు, కోతకు తట్టుకోలేని వారికీ ఇది పనికివస్తుంది. అయితే అండాశయాలు దెబ్బతిని ముట్లుడుగుతాయి. పేగుకు, మూత్రాశయానికి బాధలు ఏళ్ళ తరువాత కూడా రావచ్చు. గడ్డ పెద్దదైతే వారానికోసారి సిస్‌ప్లాటిన్ మందు కూడా కలుపుతారు.

ఈ రెండిటినీ ఇటలీ వైద్యులు పోల్చి చూసి 1997లో ఫలితాలు ప్రకటించారు. అయిదేళ్ళకు బతికి ఉన్నవారు రెండు వైపులా నూటికి 83 మందే! కాని తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ వర్గంలో నూటికి 28 మందికి, కిరణాల వర్గంలో 12 మందికి కలిగాయి. కారణం గమనించండి. ఆపరేషన్ అయినవారిలో నూటికి 64 మందికి మళ్ళీ కిరణాలూ ఇవ్వవలసి వచ్చింది. అంటే ఒకే మనిషి రెండు చికిత్సల బాధా పడింది.

కనుక చిన్న గడ్డకు, ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషికి కోత. రెండూ తప్పవని ముందే తోచినచోట మొదటినుంచీ కిరణాలు - ఇదీ నేటి వైద్యుల పద్ధతి. గడ్డ కొలత, స్కానింగు చూసి ముందే తేల్చుకోవాలి.

ఇక మన సంగతి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్ల పైమాట. కింగ్ జార్జి ఆస్పత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రికో రోజూ వెళ్ళిరావడం ఆ ఊరి కూలి మనిషికి అయ్యే పనేనా? 2007లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అటువంటి పథకం చికిత్స ఖర్చు భరించినా, పోయిన కూలి, పట్నంలో బస, ఇంటిదగ్గర పిల్లలు - ఇవి మిగిలే ఉంటాయి. కిరణాల చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. "కొంచెం నయమైంది కదా" అని మధ్యలో మానేస్తే, చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి 'కోతా, కరెంటా' అన్న ప్రశ్నతోపాటు 'ఆ రెండు నెలలు ఈమె ఎక్కడుంటుంది, తోడెవరు' అన్న ప్రశ్న కూడా మొదటిరోజే అడగాలి.

విద్యార్థి మిత్రులారా! ఈ ఎంపిక తొలిదశలో పట్టుబడినవారికే దక్కే భాగ్యం. ఆ దశలో చాలామందికి నొప్పి ఉండదు. ముట్లుడిగాక రక్తం కనబడినా, కలయిక తరువాత కనబడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచకూడదు. ఏ బాధా లేకపోయినా ముప్ఫయ్యేళ్ళు దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకోవాలి. ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసే ఆ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. సెలవులకు ఇంటికెళ్ళినపుడు అమ్మతో, అక్కతో, పిన్నితో ఈ నాలుగు మాటలూ చెప్పండి.