తప్పు వెనుక కారణం: కళాశాలల్లో రచనా బోధన కథ

వ్యాసాల కట్ట ముందేసుకుని కూర్చున్నప్పుడు ఉపాధ్యాయులమైన మేము మొదట చేసే పని ఎర్ర సిరా పెన్ను మూత తీయడం. పేజీ నిండా సున్నాలు చుడతాం. మరుసటి వారం మళ్లీ అవే తప్పులు. "నాలుగు వాక్యాలు రాయడం కూడా నేర్పలేదా?" అని కళాశాలవారు మమ్మల్ని అంటారు; మేము కింది తరగతులవారిని అంటాం.

ఈ నింద కొత్తది కాదు. అమెరికాలోని హార్వర్డ్ 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం పెట్టింది. రాసినవారు చాలావరకు కలిగినవారి బిడ్డలే. అయినా ఆ రాతలు చూసి అధ్యాపకులు నిరాశపడ్డారు. అంతకుముందు పత్రికల్లో పనిచేసిన ఆడమ్స్ షెర్మన్ హిల్ చొరవతో 1885లో మొదటి సంవత్సరం విద్యార్థులకు రచన ఒక పాఠ్యాంశమైంది. మిగతా కళాశాలలూ ఆ దారినే నడిచాయి. 1892లో హార్వర్డ్ కమిటీ ఒకటి లోపమంతా కింది బడులదేనని తేల్చింది. రచన నేర్పడమంటే తప్పులు దిద్దడమే అన్న అలవాటు అలా బలపడింది.

రచన నేర్పే కళాశాల అధ్యాపకులు 1949లో తమకంటూ ఒక వేదిక ఏర్పరచుకున్నారు. విద్యార్థి ఎలా రాస్తున్నాడన్న ప్రశ్న తర్వాత ముందుకొచ్చింది. జానెట్ ఎమిగ్ ఎనిమిది మంది పన్నెండో తరగతి విద్యార్థులను, రాస్తూ తమ ఆలోచనలను పైకి చెప్పమని, గమనించి 1971లో తన అధ్యయనం ప్రచురించారు. రాయడం తిన్నగా సాగే పని కాదని, ఆగడం, వెనక్కి వెళ్లడం అందులో భాగమని అది చూపింది.

1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. పేద ఇళ్ల నుంచి, ఇంగ్లీషు మాట్లాడని ఇళ్ల నుంచి ఎందరో వచ్చారు. వీరికి చదువు అబ్బదని కొందరు పెదవి విరిచారు. అక్కడి సిటీ కాలేజీలో పనిచేసిన మీనా షాగ్నెసీ మాత్రం దాదాపు నాలుగు వేల వ్యాసాలను ఓపికగా పరిశీలించారు. ఆ తప్పులు తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావని, వాటి వెనుక ఒక తర్కం ఉందని 1977లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు.

మనం ఫీజు కట్టి కళాశాలకు పంపే పిల్లల్లో ఎందరికో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. ఇంగ్లీషు 'ది'కి సరిసమానమైన మాట ఉర్దూలోనూ లేదు, తెలుగులోనూ లేదు. అందుకే పిల్లవాడు దాన్ని వదిలేస్తాడు. అది అశ్రద్ధ కాదు. కారణం తెలిస్తే దిద్దడం తేలిక.

కాబట్టి సాయంత్రం తరగతుల్లో పాఠం చెప్పే సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఒక వ్యాసంలో ఒక రకం తప్పునే ఎంచుకోండి. "ఇలా ఎందుకు రాశావు నాన్నా?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. తర్వాత అదే వ్యాసాన్ని మళ్లీ రాయించండి. ఫీజు కట్టడం సగం సాయమే. మిగతా సగం ఆ పిల్లవాడి పక్కన కూర్చోవడం.