లోన్లన్నీ కలిపేస్తే వడ్డీ తగ్గుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ ముగించి ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు. ఇక్కడ ప్రభుత్వరంగ బ్యాంకులో 8 లక్షలు (9 శాతం), ఒక ఫైనాన్స్ కంపెనీలో 22 లక్షలు (12.5 శాతం) బాకీ ఉంది. రెండూ ఫ్లోటింగే. వడ్డీలు పెరుగుతాయంటున్నారు. ఇంకో బ్యాంకువాళ్లు మొత్తం 30 లక్షలూ 10.5 శాతానికి ఒకే లోనుగా మారుస్తామంటున్నారు. పెరిగేలోపు కలిపేయమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: రెండూ కలపకండి, ఒకటే మార్చండి. 22 లక్షల లోను 10.5కి దిగితే ఏడాదికి సుమారు 44 వేలు మిగులుతుంది. 8 లక్షల లోనును 9 నుంచి 10.5కి ఎక్కిస్తే మాత్రం 12 వేలు చేతులారా పోగొట్టుకున్నట్టే. రెండు ఈఎంఐలు గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే రెండింటికీ ఒకే తేదీన ఆటో డెబిట్ పెట్టించండి. ‘రెండూ తెస్తేనే ఇస్తాం’ అని బ్యాంకువాళ్లు పట్టుబడితే అప్పుడూ నికరంగా 32 వేలు మీవైపే ఉంటాయి. కానీ ముందు బేరమాడండి.

ఇక పెరుగుదల సంగతి. కొత్త లోనూ ఫ్లోటింగే అయితే ఇప్పుడు మారినా, ఆర్నెల్ల తర్వాత మారినా పెంపు తప్పదు. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. రెపోకు ముడిపెట్టిన లోన్లన్నీ దాని వెంటే ఎక్కాయి. కాబట్టి భయపడి కాదు, పాత రేటుకూ కొత్త రేటుకూ ఉన్న తేడా చూసి మారండి. శాంక్షన్ లెటర్‌లో బెంచ్‌మార్క్ ఏమిటో, దానిమీద స్ప్రెడ్ ఎంతో చదవండి. ఫైనాన్స్ కంపెనీలు సాధారణంగా తమ సొంత ప్రైమ్ రేటును పట్టుకుని నడుస్తాయి. రెపో తగ్గినా ఆ తగ్గింపు మీదాకా వస్తుందన్న భరోసా లేదు. మారడానికి అది కూడా ఒక కారణమే.

అసలు జాగ్రత్త గడువు దగ్గర ఉండాలి. 22 లక్షలు 10.5 శాతానికి పదేళ్లలో తీరిస్తే ఈఎంఐ దాదాపు 29,700, మొత్తం వడ్డీ 13.6 లక్షలు. పదిహేనేళ్లకు సాగదీస్తే ఈఎంఐ 24,300కి దిగుతుంది గానీ వడ్డీ 21.8 లక్షలవుతుంది. ఇప్పుడున్న 12.5 శాతానికే పదేళ్లలో తీర్చినా అయ్యే వడ్డీ 16.6 లక్షలే! ఈఎంఐ తగ్గిందని మురిసిపోతే రేటు తగ్గించుకుని మరీ నష్టపోతారు.

చదువు కోసం వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ లోనును ముందే తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కొత్త బ్యాంకు అడిగే ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ ఖర్చులు మాత్రం ఆ 44 వేలలోంచి తీసేసి లెక్క చూసుకోండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. 2020 నుంచి 2024 వరకు డిగ్రీ చదువుకు ఏటా ఒకటి చొప్పున నాలుగు ఫెడరల్ లోన్లు తీసుకుంది, మొత్తం 27 వేల డాలర్లు. జులై 1న రేట్లు మారతాయి, ఆలోపు కన్సాలిడేట్ చేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు.
– ఒక తల్లి, ఎడిసన్

జవాబు: వాళ్లు పాత లెక్క చెబుతున్నారు. ఒకప్పుడు ఫెడరల్ లోన్ల రేటు ఏటా జులై 1న మారేది. 2005లో ఒక్కసారిగా దాదాపు రెండు శాతం పెరిగింది. ఆ ముందు నెలల్లో కలిపేసుకున్నవాళ్లకు తక్కువ రేటు స్థిరపడి లాభించింది. 2006 జులై 1 తర్వాత ఇచ్చిన లోన్లకు మాత్రం రేటు మొదటినుంచీ ఫిక్స్‌డే. ఇప్పుడు జులైలో మారే రేటు కొత్తగా తీసుకునేవాళ్లకు.

మీ అమ్మాయి లోన్ల రేట్లు వరసగా 2.75, 3.73, 4.99, 5.50 శాతం. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత 7,500 చొప్పున తీసుకుందనుకుంటే సగటు 4.37 అవుతుంది. కన్సాలిడేట్ చేస్తే దాన్ని ఎనిమిదో వంతు శాతానికి పైకి సవరించి 4.375 వేస్తారు. అంటే తగ్గేదేమీ లేదు. పైగా చేతిలో నాలుగు డాలర్లు మిగిలినప్పుడు 5.50 శాతం లోనును ముందు తీర్చేసే వీలు పోతుంది. ప్రైవేటు బ్యాంకులో రీఫైనాన్స్ చేస్తే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లు, ప్రభుత్వ ఉద్యోగులకు 120 వాయిదాల తర్వాత వచ్చే మాఫీ కూడా వదులుకున్నట్టే. ఫెడరల్ కన్సాలిడేషన్‌కు ఫీజు ఉండదు. డబ్బులు కడితే చేసిపెడతామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ప్రశ్న: బాబు చదువు లోను వేరే బ్యాంకుకు మార్చుకున్నాం. పాత సంస్థలో బాకీ పూర్తిగా తీరి రెండు నెలలైనా ఇంటి దస్తావేజులు ఇవ్వడం లేదు. కొత్త బ్యాంకువాళ్లు రోజూ అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలి. ఆలస్యం వాళ్లవల్లే అయితే ఆపైన రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఫోన్లు మాని, లోను ముగిసిన తేదీ రాసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పత్రాలు చేతికొచ్చాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తనఖా రద్దు చేయించి, కొత్తగా ఈసీ తీసి చూసుకోండి. పాత తనఖా అందులో అలాగే మిగిలిపోతే రేపు ఇల్లు అమ్మబోయేటప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.