అరిచే కుక్కకు పాఠం: ముందు నేర్చుకోవలసింది మనమే

ఈసారి మా ఇంటి కుక్క గురించి వ్రాస్తున్నాను. మనస్తత్వశాస్త్రం, బి.ఎడ్. చదివేవారికి ఇది పాఠ్యాంశానికి ఒక ఉదాహరణ. కుక్కను పెంచే ఇళ్లకు రోజూ పనికివచ్చే సంగతి.

బళ్లారిలో మా వీధిలో దొరికిన పిల్లను తెచ్చి మోతీ అని పేరు పెట్టాము. రెండేళ్లు వచ్చేసరికి, గొలుసుతో బయటికి తీసుకెళ్లినప్పుడు మరో కుక్క కనబడితే చాలు, మొరుగుతూ మీదికి దూకేది. నేను గొలుసు గట్టిగా గుంజేవాణ్ణి, చేతికర్రతో ఒకటి వేసేవాణ్ణి. ఒకరోజు మనవరాలు పట్టుకొని ఉండగా అది ఒక్కసారిగా లాగింది. పిల్ల కిందపడి మోకాలికి మూడు కుట్లు పడ్డాయి. కుక్కను ఊరి బయట ఎవరి తోటకైనా ఇచ్చేద్దామని ఇంట్లో నిర్ణయించాము. మనవరాలు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆఖరి ప్రయత్నంగా పశువైద్యునికి చూపించాను.

ఆయన చెవులు, పళ్లు, కాళ్లు పరీక్షించి, నొప్పిగానీ జబ్బుగానీ లేదని తేల్చారు. తరువాత ఒకే ప్రశ్న అడిగారు: "ఆరు నెలలుగా కొడుతున్నారు కదా, మొరగడం తగ్గిందా, పెరిగిందా?" పెరిగిందని ఒప్పుకోక తప్పలేదు.

ఎందుకు పెరిగింది?

ఇలాంటి వాటిని రియాక్టివ్ కుక్కలంటారు. ఇవి చాలాసార్లు పొగరుతో కాక భయంతో "దూరంగా పో" అని మొరుగుతాయి. కొన్ని గొలుసు అడ్డమై, అవతలి కుక్క దగ్గరికి పోలేక విసుగుతో మొరుగుతాయి.

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్‌కు జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక శబ్దం వినిపించి వెంటనే ఆహారం పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్క నోట్లో లాలాజలం ఊరుతుందని ఆయన చూపించారు. నేను తెలియక ఇదే పద్ధతిలో చెడ్డ పాఠం నేర్పాను. మరో కుక్క కనబడేది, వెంటనే మెడ నొక్కుకునేది, దెబ్బ పడేది. కుక్క కనబడితే నొప్పి వస్తుందని మోతీ నేర్చుకుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగాలు ప్రచురించారు. మంచి ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందన్నది వాటి సారం. మోతీ మొరిగితే అవతలి కుక్క వెళ్లిపోయేది. దాని లెక్కలో మొరగడం లాభసాటి పని.

అందరిదీ ఒకే మాట

మా ఇంట్లో నేను "రా" అంటాను, కోడలు కన్నడంలో "బా" అంటుంది, మనవడు "కమ్" అంటాడు. మూడు భాషలూ మనకు అలవాటే, కుక్కకు మాత్రం అయోమయం. అందరం కూర్చొని రెండే మాటలు నిర్ణయించి, కాగితం మీద వ్రాసి తలుపుకు అంటించాము. "భేష్" అంటే బహుమతి వస్తుంది. "ఇటు రా" అంటే నాతో వెనక్కి తిరుగు.

నేర్పిన క్రమం

1. మొదటి వారం ఇంట్లోనే. "భేష్" అనగానే ఉడికించిన గుడ్డు ముక్క, శనగగింజంత. మాటకూ ముక్కకూ మధ్య ఆలస్యం ఉండకూడదు. మాట అన్నాక ముక్క ఎగ్గొట్టకూడదు.

2. "ఇటు రా" కూడా ముందు ఇంట్లో, తరువాత ఖాళీ వీధిలో నేర్పాలి.

3. తరువాత దూరం కనుక్కోవాలి. అవతలి కుక్కను చూసినా మొరగకుండా ముక్క తినగలిగే దూరం అది. మోతీకి 60 అడుగులు. ముక్క తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వెళ్లామని గుర్తు.

4. ఆ దూరంలో అవతలి కుక్కను చూడగానే, మొరగకముందే "భేష్", ముక్క. ముందు కుక్క కనబడాలి, ఆ తరువాతే తిండి. ఈ వరుస తప్పకూడదు.

5. మొరిగితే తిట్టవద్దు. "ఇటు రా" అని వెనక్కి తిరిగి దూరం పెంచాలి.

6. వారమంతా బాగా జరిగితే నాలుగైదు అడుగులు తగ్గించాలి. పాఠం పది నిమిషాలు చాలు. తేదీ, దూరం, మొరిగిందా లేదా అని నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి.

జాగ్రత్తలు

పిల్లలు ఒంటరిగా ఈ పని చేయకూడదు. మెడపట్టీ కంటే ఛాతీకి వేసే పట్టీ మేలు. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం. రేబిస్ టీకా తప్పనిసరి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్క స్వభావం హఠాత్తుగా మారినా, అది ఎవరినైనా కరిచినా శిక్షణకు ముందు పశువైద్యుని సలహా తీసుకోండి.

ఫలితం

ఐదు నెలలకు 60 అడుగులు 15 అయ్యాయి. అవతలి కుక్కను చూసి, తిరిగి నా ముఖం వైపు చూడడం మోతీకి అలవాటయింది. మలుపులో హఠాత్తుగా కుక్క ఎదురైతే ఇప్పటికీ మొరుగుతుంది. ఆ రోజు దూరం మళ్లీ పెంచుతాను. తోట మాట ఇంట్లో ఇక ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం గొలుసు నేను పట్టుకుంటే గుడ్డు ముక్కల డబ్బా మనవరాలు పట్టుకుంటుంది. చేతికర్ర అటక మీద ఉంది.

అభ్యాసం

1. అవతలి కుక్క కనబడకముందే తిండి పెడితే నష్టమేమిటి?
2. మోతీ మొరగడానికి దొరికిన "బహుమతి" ఏది?
3. మీ ఇంట్లో కుక్కను పిలవడానికి ఎన్ని మాటలు వాడుతున్నారో ఒక రోజంతా వ్రాసి చూడండి.