వాననీటి దారి - చెరువునకు రక్ష



కురిసిన వానలో కొంత భూమిలో నింకును, కొంత ఆవిరియగును, మిగిలినది పల్లమునకు పారును. దీనికి దారి యిచ్చినచో చెరువు నిండును. దారి మూసినచో ఊరు మునుగును.

ఒక లెక్క చూడుడు. ఒక ఎకరముపై అంగుళము వాన పడినచో ఇంచుమించు 1,02,800 లీటర్ల నీరగును. గట్లు వేసిన దుక్కినేల యిందు చాలభాగము త్రాగును. ఆ యెకరమే ఇండ్లకప్పులును సిమెంటు బాటలు నైనచో, దాదాపు నీరంతయు ఒక్కుమ్మడిగా కాలువలో పడును. మెరకపొలములు ఇండ్లస్థలములైనకొలది దిగువ వాగునకు భారము హెచ్చుట యిందుచేతనే.

కందూరు చోడుల కాలమున పానగల్లు ముఖ్యపట్టణము. ఉదయసముద్రమను పేరు ఆ వంశపు ఉదయచోడుని స్మరింపజేయుచున్నది. నాగార్జునసాగరము నుండి ఎత్తిపోసిన కృష్ణాజలము నేడు దీనిలో చేరుచున్నది. నది నీరు వచ్చుచున్నదిగదా యని వాననీటి దారులను ఉపేక్షింపరాదు. వానతో వచ్చు మురుగు ఆ నీటిని సయితము చెరచును; ఒండ్రు చేరినకొలది నీరు నిలుచు చోటు తగ్గును.

మన పెద్దలు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. ఎగువ కుంట మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. నడుమ కాలువను ఒక్కరు దున్ని కలుపుకొన్నచో ఎగువవాని పైరు మునుగును, దిగువవాని ఆయకట్టు ఎండును. అధికముగ నీరు నిలుపగోరి మత్తడిపై రాళ్లును ఇసుకబస్తాలును పేర్చుట మరియు ప్రమాదము. పెద్దవాన వచ్చినపుడు నీరు మట్టికట్టపై పొరలి కట్ట తెగును.

చట్టమేమి చెప్పుచున్నది? 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము చెరువుల హద్దులు గుర్తించుటకును, ఆక్రమణలు తొలగించుటకును అధికారమిచ్చినది. పట్టణప్రాంతములకై 2012లో వెలువడిన భవననిర్మాణ నియమములు 10 హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువుల హద్దునుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పుగల వాగునకు 9 మీటర్లు, అంతకు లోపలి కాలువకు 2 మీటర్లు విడువవలెనని విధించినవి. అమెరికాలో 1987 నాటి చట్టసవరణ ననుసరించి, వాననీటిని ఏటిలోనికి విడుచు పట్టణములు అనుమతి పొంది, ఆ నీటిలో మురుగు కలియకుండ చూడవలసియున్నది.

సంఘసభ్యులు చేయదగిన పనులు:

1. తొలకరికి ముందే కాలువ వెంబడి నడచి పూడికను, అడ్డుకట్టలను వ్రాసికొనుడు.

2. ఆ పట్టికను గ్రామసభలో చదివి, పంచాయతికిని నీటిపారుదల శాఖకును వ్రాతమూలముగ నిచ్చి రసీదు పొందుడు.

3. పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగకుడు. పెంటకుప్పలను వాగు గట్టున పోయకుడు.

4. వాలునకు అడ్డముగ దున్ని గట్లు వేయుడు. మీ మట్టియు ఎరువును మీ చేననే నిలుచును.

5. చెరువు పూడికమట్టిని అనుమతితో పొలమునకు తోలుకొనుడు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పలువురు రైతు లిట్లు చేసిరి.

కాలువ ఏ పట్టాలోనుండి పోయినను, దానిలోని నీరు దిగువవారందరిది. ఒక్కని నాగటిచాలుతో మూసిన దారిని తెరచుటకు ఊరంతయు పూనుకొనవలసివచ్చును. కావున వానకు ముందే మేల్కొనుట మేలు.